బ్లాక్ కరంటు జామ్ – మన జామతోట

జామపంట ముమ్మరముగా దిగు దినములలో మండీధర పడిపోయి, కోతకూలియైన గిట్టక, రైతు పండ్లను చెట్టుక్రిందనే వదలివేయుట మనమందరము కన్నులార చూచుచున్న సంగతియే. ఆ రైతే సంతనుండి ఇంటికి మరలునపుడు బిడ్డ కోరినదని ఊదారంగు జామ్ సీసా నొకదానిని కొని తెచ్చుచున్నాడు. ఆ సీసామీద నల్లని పండ్లగుత్తి బొమ్మయుండును. ఆ పండెట్టిదో కొన్నవానికి తెలియదు, అమ్మినవానికిని తెలియదు. తన పండును పారవేసికొని, తానెన్నడును చూడని పండు పేరిట చక్కెరను కొనితెచ్చుకొనుట లాభమా, నష్టమా యని మన సభ్యులొకసారి యోచింపవలెనను తలంపుతో ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ముందుగా ఆ పండెట్టిదో చెప్పుదము. నల్లని ఎండుద్రాక్షయే బ్లాక్ కరంటు అని మనలో పెక్కురనుకొందురు. అది పొరపాటు. ఎండుద్రాక్ష తీగపంట, బ్లాక్ కరంటు పొదపంట. ఆ పొద మనుష్యుని రొమ్ము ఎత్తున పెరుగును. బఠాణీగింజంత నల్లని పండ్లు గుత్తులు గుత్తులుగా వ్రేలాడును. రుచి మిక్కిలి పులుపు. శీతకాలమున కొన్ని వారములు గట్టిచలి తగిలినగాని దాని మొగ్గలు విచ్చుకొనవు. కావున ఇంగ్లండు, పోలండు, న్యూజీలాండు వంటి చలిదేశములలోనే అది పండును. మన మైదానములలో పండదు. ఇంగ్లండులో జూలై ప్రాంతమున పంట కోతకు వచ్చి కొద్దివారములలో ముగిసిపోవును. అటుపిమ్మట సుదీర్ఘమైన చలికాలము. ఆ కాలమున పూర్వము పల్లెటూరివారికి తాజాపండు దొరకుట దుర్లభము. అందుచేతనే అచ్చటి ఇల్లాండ్రు వేసవిపండును చక్కెరపాకములో నిలువచేసి చలికాలమునకు దాచుకొను నేర్పును తరతరములుగా అభ్యసించిరి. జామ్ అనునది ఆ దేశపు ఋతువు విధించిన అవసరమునుండి పుట్టిన వంటకమని మనము గ్రహింపవలెను.

ఈ పండునకు గొప్ప పేరు వచ్చుటకు కారణము దానియందలి సి విటమిను. నూరు గ్రాముల పచ్చిపండులో సుమారు 180 మిల్లీగ్రాముల సి విటమిను కలదు. నారింజలో అంతే తూకమునకు సుమారు 50 మిల్లీగ్రాములు మాత్రమే. రెండవ ప్రపంచయుద్ధములో శత్రువుల జలాంతర్గాములచేత ఓడల రాకపోకలకు ఆటంకము కలిగి, ఇంగ్లండునకు నారింజల దిగుమతి మిక్కిలి తగ్గిపోయెను. పసిబిడ్డలకు సి విటమిను ఎచ్చటినుండి తేవలెనను ప్రశ్న పుట్టినపుడు ఆ ప్రభుత్వము తమ పెరటిలోని పొదవైపు చూచెను. 1941 చివర రెండేండ్లలోపు బిడ్డలకు కాడ్ చేపనూనెతోపాటు బ్లాక్ కరంటు పానకమును ఉచితముగా పంచిపెట్టు ఏర్పాటు జరిగెను. దూరపు పండు రానప్పుడు దగ్గరి పండు విలువ తెలియుట లోకసహజము. అట్టి కష్టము రాకమునుపే మనము తెలిసికొనుట వివేకము.

సహకారులమైన మనము అంతకంటెను ముఖ్యముగా గమనింపదగిన సంగతి యింకొకటి కలదు. ఇంగ్లండు, వేల్సు పల్లెలలో మహిళా సంస్థలు, అనగా విమెన్స్ ఇన్‌స్టిట్యూట్లు, గ్రామస్త్రీల సంఘములుగా పనిచేయుచున్నవి. వీనిలో మొదటిది 1897లో కెనడాదేశమున స్టోనీ క్రీక్ అనుచోట పుట్టెను; బ్రిటనులో మొదటిది 1915లో వేల్సునందు వెలసెను. యుద్ధము రాగానే తోటలలో పండ్లు రాలి కుళ్లిపోవుచుండ, చక్కెర రేషనులో చిక్కియుండ, ఈ సంఘములవారు ప్రభుత్వమునడిగి చక్కెర కేటాయింపు పొంది, ఊరూర పండ్లు నిలువచేయు కేంద్రములను తెరచిరి. బడియో, కొట్టమో, ఎవరి వంటయిల్లో దొరకినచోటనే పొయ్యిలు పెట్టిరి. 1940 మొదలు 1945 వరకు ఈ కేంద్రములలో నిలువచేయబడిన పండ్లు 5,300 టన్నులకు పైబడినవి. ఒక్క ఇంటి పెరటిపండు తట్టెడే; పదియూళ్ల తట్టలు చేరినపుడది దేశమునకు ఆహారమయ్యెను. ఏ యొక్క కుటుంబమునకును విడిగా దొరకని చక్కెరయు, సీసాలును, శిక్షణయు సంఘమునకు దొరకినవి. ఇది మనకు క్రొత్తపాఠము కాదు. ఎరువును, విత్తనమును, అప్పును సంఘముద్వారా పొందు మనకు తెలిసిన పాఠమే. పండు విషయమున మాత్రము దానిని మరచియున్నాము.

ఇక ఆ జామ్‌లో నిజముగా బలమెంత యని లెక్కచూతము. ఆంగ్ల గృహిణుల కొలత యిది: పండ్లు రెండు కిలోలు, నీరు సుమారు రెండు లీటర్లు, చక్కెర మూడు కిలోలు. మొదట పండ్లను నీటిలో తొక్క మెత్తబడునట్లు ఉడికింతురు. తొక్క మెత్తబడకమునుపే చక్కెర వేసినచో అది తోలువలె గట్టిపడును. పిదప చక్కెర కలిపి పెద్దమంటపై త్వరగా మరిగించి, పాకము గడ్డకట్టు సమయమునకు దించివేయుదురు. దిగునది అయిదు కిలోల జామ్. ఈ పండులో పులుపును, పెక్టిన్ అను జిగురును సహజముగానే ఉండుటచేత వేరొక వస్తువు కలుపకయే గట్టిపడును. చక్కెర అందలి నీటిని పట్టియుంచుటచేత బూజు పెరుగక నెలలతరబడి నిలుచును.

ఈ కొలత ప్రకారము నూరు గ్రాముల జామ్‌లో పండు నలుబది గ్రాములు, చక్కెర అరువది గ్రాములు. ఇరువది గ్రాముల చెంచాడు జామ్‌లో పండు ఎనిమిది గ్రాములే. పొయ్యిమీద ఇసుమంతయు పోలేదనుకొన్నను, దానియందు సి విటమిను పదునాలుగు మిల్లీగ్రాములకు మించదు. నిజమునకు వేడికిని, గాలికిని కొంత పోకమానదు. సీసాలో నిలువయున్నకొలదిని మరికొంత తరుగును. ఆ చెంచాడుతోపాటు లోపలికిపోవు చక్కెర మాత్రము పండ్రెండు గ్రాములు. అది పోవుట లేదు, తరుగుట లేదు. చలికాలమున వేరుపండు దొరకని పల్లెలో ఆ పదునాలుగు మిల్లీగ్రాములే ఘనము. ఆ యింటి జామ్‌ను మేము చులకన చేయుటలేదు. పండును దండిగా వేసి, త్వరగా వండి, నీడలో దాచిన జామ్ మంచి ఆహారమే. కాని ఆ మంచితనము పండువలన వచ్చినది. సీసావలన వచ్చినది కాదు, చక్కెరవలన అంతకంటె కాదు.

పేరునుబట్టి బలమును నమ్మరాదనుటకు ఒక నిదర్శనము చూపుదము. 2004లో న్యూజీలాండునందు పదునాలుగేండ్ల బడిపిల్లలిద్దరు తమ పాఠశాల ప్రయోగములో భాగముగా, అంగడిలో అమ్ము పండ్లరసములలోని సి విటమినును కొలచిచూచిరి. బ్లాక్ కరంటు పేరుతో లోకప్రసిద్ధమైన ఒక పానీయపు పెట్టెలో అది దాదాపు లేనేలేదని తేలెను. నారింజకంటె బ్లాక్ కరంటు పండులో నాలుగురెట్లు సి విటమిను కలదని ఆ కంపెనీవారు చాటుచుండిరి. పండును గూర్చిన ఆ మాట అబద్ధము కాకపోవచ్చును. కాని పెట్టెలోనున్నది ఆ పండు కాదుగదా. వ్యవహారము న్యాయస్థానమునకు పోయి, 2007లో కంపెనీ తప్పు ఒప్పుకొని 2,17,500 న్యూజీలాండు డాలర్ల జరిమానా చెల్లింపవలసివచ్చెను. పెద్దపేరును ప్రశ్నించినది ఇద్దరు బాలికల చిన్నకొలత. కొలత తెలిసినవానిని మోసగించుట కష్టమని రైతునకు వేరుగా చెప్పవలయునా? కాటాదగ్గర దెబ్బతిన్న ప్రతివాడును ఎరిగిన సత్యమే యది.

ఇప్పుడు మన తోటలోనికి వత్తము. ఆహారపదార్థముల బలమును కొలచు జాతీయ పోషకాహార సంస్థ మన హైదరాబాదులోనే యున్నది. 1918లో నీలగిరులలోని కూనూరున చిన్న పరిశోధనగా ఆరంభమై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. ఆ సంస్థవారు 2017లో ప్రకటించిన పట్టికలనుబట్టి, నూరు గ్రాముల ఉసిరిలో సుమారు 250 మిల్లీగ్రాముల సి విటమిను కలదు. జామపండులో 200 మిల్లీగ్రాములకు పైగా కలదు. అనగా, చెట్టుక్రింద మనము వదలివేయుచున్న జామపండు సీసామీద బొమ్మవేసికొన్న బ్లాక్ కరంటునకు ఏమాత్రమును తీసిపోదు, పైగా మించియున్నది. దినమునకు పురుషునకు కావలసినది 80 మిల్లీగ్రాములు, స్త్రీకి 65 మిల్లీగ్రాములు అని మన దేశపు నిపుణులు 2020లో నిర్ణయించిరి. డెబ్బదియైదు గ్రాముల తూకముగల సగము జామపండు తిన్నచో 150 మిల్లీగ్రాములు సమకూరును. దానిని బ్లాక్ కరంటు జామ్‌నుండి పొందవలెనన్నచో పది పదునొకండు చెంచాలు తినవలెను. దానితో 130 గ్రాముల చక్కెర మ్రింగవలెను. పెద్దవారికైనను దినమునకు పైచక్కెర 50 గ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో హెచ్చరించినది. జామకును జామ్‌నకును పేరులో పోలికయేగాని బలములో పోలిక లేదని దీనివలన తేటపడుచున్నది.

ఇంకొక సంగతి. తెలుగునాట స్త్రీలలో సగముకంటె ఎక్కువమంది రక్తహీనతతో బాధపడుచున్నట్లు ప్రభుత్వపు సర్వేలు తెల్పుచున్నవి. మన ఆకుకూరలలో, పప్పులలో, రాగులలో ఇనుము కలదు. కాని మాంసాహారములోని ఇనుమువలె అది సులభముగా రక్తమున చేరదు. అన్నముతోపాటు సి విటమినుగల పండును తిన్నచో ఆ ఇనుము ఎక్కువగా జీర్ణమగును. తోటకూరపప్పు అన్నము తిన్న గర్భిణి ఒక జామముక్కను నమలినచో, లేక పచ్చి ఉసిరిముక్కను నంజుకొన్నచో, ఆ పూట తిన్న భోజనమునకు విలువ పెరుగును. దీనికి ఖర్చు లేదు. తోటగలవానికి వెతుకులాటయు లేదు. ఇంత తేలికయైన సహాయమును చెట్టుక్రింద కుళ్లనిచ్చి, బిడ్డకు రంగుచక్కెర కొనుట మనకు తగునా?

కాబట్టి మా యభిప్రాయము మూడు ముక్కలలో చెప్పెదము: మొదట తినుడు, పిదప దాచుడు, ఆపైని అమ్ముడు. ఈ వరుస తప్పరాదు.

మొదటిది తినుట. పండు దొరకు దినములలో దానిని పచ్చిగానే తినవలెను. మన జామ ఏటికి ఒక్కసారి కాక, రెండుమారులు కాయునది. ఉసిరి కార్తీకమునుండి మాఘము వరకు దొరకును. ఇంగ్లండువలె మనకు ఏడాదిలో సగము పండులేని కాలము లేదు. తోటగల కుటుంబమువారు మంచిపండునంతయు మండీకి పంపి, దెబ్బతిన్నదానిని ఇంటికి మిగుల్చుట ఆచారముగా నున్నది. ఇంటి పిల్లలకని కొన్ని మంచిపండ్లను ముందే తీసిపెట్టుట సంసారలక్షణము.

రెండవది దాచుట. మిగిలిన పండును కుళ్లనీయక నిలువచేయవలెను. జామపండ్లలో పెక్టిన్ సమృద్ధిగా నున్నది. పులుపు మాత్రము చాలదు గనుక నిమ్మరసము చేర్చవలెను. పండును ఉడికించి, గింజలు పోవునట్లు జల్లెడలో పామి, ఆ గుజ్జుతో జామ్ చేసినచో పండులోని పీచుకూడ కొంత దక్కును. రసమును మాత్రమే వడగట్టి జెల్లీ చేసినచో చూపునకు అందమేగాని పీచు పోవును. ఇత్తడి, రాగి, ఇనుప పాత్రలు సి విటమినును త్వరగా చెరచును. స్టీలు పాత్ర శ్రేష్ఠము. ఒక్కసారిగా గంగాళమెడు వండుట కంటె కొద్దికొద్దిగా వండుట మేలు; ఏలయన గంగాళము గంటలతరబడి కాగవలసియుండును. పాకము 105 డిగ్రీల వేడికి వచ్చినపుడు దింపవలెను. వేడికొలత పరికరము లేనివారు చల్లని పళ్లెముమీద చుక్కవేసి, చల్లారినపిదప వ్రేలితో త్రోసిచూడవలెను. పైని ముడుతలు పడినచో పాకము వచ్చినట్లే. నీటిలో మరిగించి ఆరబెట్టిన సీసాలలో వేడిగానే నింపి, గట్టిగా మూతవేసి, వెలుతురు తగులనిచోట ఉంచవలెను.

మూడవది అమ్ముట. ఇది ఒక్కరివలన కాదు. ఒక రైతుభార్య పదిసీసాలు చేసినచో కొనువాడు బేరమాడును. సంఘము వేయిసీసాలు ఒకే నాణెముతో చేసినచో బేరము సంఘముచేతిలో నుండును. మన చట్టము జామ్‌లో సాధారణముగా పండు నూటికి 45 పాళ్లకు తగ్గరాదని శాసించుచున్నది. అమ్మదలచినవారు ఆహార భద్రతాశాఖవారి రిజిస్ట్రేషను తప్పక పొందవలెను. సీసాపై పదార్థముల పేర్లు తూకమును బట్టి ఎక్కువనుండి తక్కువకు వరుసగా వ్రాయవలెనని నియమము. కొనునపుడు మన సభ్యులు ఈ వరుసను చదువుట అలవరచుకొనవలెను. మొదటిపేరు చక్కెరయై, పండు వెనుకబడినచో మీరు కొనుచున్నదేమో మీకే తెలియును. మన సంఘము సీసామీద మాత్రము పండు ఎన్నిపాళ్లో పెద్ద అక్షరములతో వ్రాయవలెనని మేము కోరుచున్నాము. దాచవలసినది లేనివాడు అక్షరములను చిన్నవి చేయడు.

ఈ సలహాకు కొందరు ఆక్షేపణలు చెప్పవచ్చును. మధుమేహము ఇంటింట పెరిగిపోవుచుండ జామ్ చేయుమనుట ఏమి బుద్ధియని కొందరందురు. వారి మాటలో న్యాయము కలదు. జామ్ మధుమేహము గలవారి ఆహారము కాదు. పిల్లలకైనను రొట్టెమీద చెంచాడు చాలును. అందుచేతనే తినుట మొదటను, దాచుట రెండవదిగను చెప్పితిమి. మన నిలువపచ్చళ్లుండగా ఈ పరదేశపు పాకమేలయని మరికొందరందురు. ఉసిరిపచ్చడిని వలదన్నవారెవరు? అదియు పండును దాచు విద్యయే. అందు ఉప్పు చేయుపనిని ఇందు చక్కెర చేయుచున్నది. రెండింటియందును మితము కావలెను. జామపండు పచ్చడిగా నిలువయుండదు గనుక దానికి జామ్ తగినదారి. కంపెనీలతో మనమెక్కడ పోటీపడగలమని ఇంకొందరు నిస్పృహ పడుదురు. కంపెనీకి పండు కొనుగోలు సరకు. మనకది చేతిలోని పంట. దాని ప్రకటనల ఖర్చు మనకు లేదు. మనము దేశమంతటికి అమ్మనక్కరలేదు. మన మండలములోని బడులకును, హాస్టళ్లకును, కొట్లకును చాలునంత చేసినచో చాలును.

ఒక్కమాట గట్టిగా చెప్పవలసియున్నది. యుద్ధకాలమున ఆంగ్లస్త్రీలు స్వచ్ఛందముగా పనిచేసిరి. అది యుద్ధము. మన గ్రామస్త్రీలు ఇంటిపనియు పొలముపనియు ముగించుకొని వచ్చి, సంఘమునకు ఊరకయే వండిపెట్టవలెనని ఎవరును తలంపరాదు. వారికి దినకూలి ముట్టవలెను. లాభములో వాటా ఉండవలెను. లెక్కలపుస్తకము వారి చేతిలో నుండవలెను. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టముక్రింద వారు తామే ఒక సంఘముగా ఏర్పడుటకును వీలు కలదు. పొదుపుసంఘములను ఇన్నియేండ్లుగా నడపుకొనివచ్చినవారికి జామ్‌పొయ్యి నడపుట కష్టము కాదు.

కావున వచ్చు జామపంటకు ముందే మన సంఘములు సర్వసభ్యసమావేశములలో ఈ విషయమును చర్చింపవలెనని మనవి చేయుచున్నాము. చక్కెరయు, సీసాలును టోకున కొనుటకు కొంతసొమ్ము కేటాయింపుడు. పంటదినములలో ఒక గదిని శుభ్రముచేసి వంటకు విడువుడు. ఇరువురు స్త్రీలను శిక్షణకు పంపుడు. మొదటి యేడు నూరు సీసాలు చేసినను చాలును. ఖర్చెంతయైనదో, ఎంత మిగిలినదో ఈ పత్రికకు వ్రాసి పంపుడు. లాభమైనను నష్టమైనను ప్రకటింతుము. నష్టపు లెక్కయు తోటివారికి పాఠమే.

బ్లాక్ కరంటు మంచిపండు. దానిని పండించుకొను చలిదేశపు రైతులు దానిని గౌరవించిరి, దాచుకొనిరి, తమ బిడ్డలకు పెట్టిరి. వారినుండి మనము నేర్వవలసినది ఆ పండు పేరు కాదు, తమ పండును తాము గౌరవించుకొన్న తీరు. ఈసారి సంతనుండి మరలునపుడు బిడ్డ ఊదారంగు సీసాను కోరినచో, కోపపడక, ఇంటికి తీసికొనిపోయి తోటలో చెట్టున మాగిన పండునొకదానిని కోసి చేతికీయుడు. దానికి వెలలేదు, మూతలేదు, బొమ్మలేదు. బలము మాత్రము నిండుగా నున్నది.